నల్లరంగు కింది చెక్క

నైరూప్య కళ అనగానే రూపవాదమని తోసేసినవాళ్లలో నేనూ ఉన్నాను. అమెరికన్ శిల్పి లూయీజ్ నెవెల్సన్ (1899–1988) చేసిన 1958 నాటి 'స్కై కెథడ్రల్' ఛాయాచిత్రాలు చూశాక ఆ తీర్పు తడబడింది. 1930లలో ఆమె రేఖాచిత్రాల్లో గీత మనిషి ఒంటిని చుట్టి తిరిగింది. ఈ గోడశిల్పంలో చెక్కే గీత. కుర్చీ ముక్కలు, తరిమెన పట్టిన కమ్మీలు, జనం పారేసిన కలప పెట్టెల్లో పేర్చి, పెట్టె మీద పెట్టె ఎక్కించింది. కలప వ్యాపారి కూతురు మరి! ప్రతి వంపులోనూ పేరు తెలియని వడ్రంగి పనితనం కనిపిస్తుంది. దీన్ని వట్టి రూపవాదమని ఎలా అనను? అయితే అన్నిటికీ ఒకే నలుపు పూసింది. ముక్కలు ఒక్క కట్టుగా నిలిచాయి, నీడలు చిక్కబడ్డాయి. అరుగుదల, మేకు గుర్తు, వాడిన చేతుల జాడ మాత్రం ఆ రంగు కింద అణగిపోయాయి. నైరూప్యతను ఒప్పుకున్న నేను ఈ నలుపును ఇంకా ఒప్పుకోలేకుండా ఉన్నాను.