ఒక్క 'ఎ' ఉంటే ఒక అర్థం, లేకపోతే మరో అర్థం

వార్తాసంస్థల ఇంగ్లిషు కాపీని తెలుగు చేసే పనిలో పెద్ద మాటలతో వచ్చే చిక్కు తక్కువ. వాటికి నిఘంటువులున్నాయి. జాగ్రత్తంతా చిన్న మాటల దగ్గరే, ముఖ్యంగా 'ఎంత', 'ఎందరు' అని చెప్పే మాటల దగ్గర.

వరద వచ్చిన ఊరికి 'ఎ ఫ్యూ డాక్టర్స్' వచ్చారంటే కొందరు వచ్చారని. 'ఫ్యూ డాక్టర్స్' వచ్చారంటే కొందరే వచ్చారని. రెండు చోట్లా వచ్చింది ఐదుగురే కావచ్చు. మొదటి వాక్యం వచ్చినవాళ్లను చూపిస్తుంది, రెండోది రానివాళ్ల లోటును ఎత్తి చూపుతుంది. 'ఎ లిటిల్ హోప్' అంటే ఇంకా కాస్త ఆశ ఉన్నట్టు. 'లిటిల్ హోప్' అంటే ఆశ దాదాపు లేనట్టే. ఇంగ్లిషు 'ఎ' తీసేసి చెప్పే లోటును మనం 'ఏ' చేర్చి చెబుతాం: కొందరు, కొందరే. అయితే 'క్వైట్ ఎ ఫ్యూ' కనబడితే 'కొందరు' అనకూడదు, అది 'చాలామందే'. ఇక్కడ అదే 'ఏ' సంఖ్యను పెద్దది చేసి చూపిస్తోంది.

ఇంగ్లిషు వ్యాకరణంలో ఎక్కువ రగడ మాత్రం లెస్, ఫ్యూయర్‌ల మీద. లెక్కపెట్టేవాటికి ఫ్యూయర్, కొలిచేవాటికి లెస్ అని బడిలో నేర్పుతారు. 1770లో రాబర్ట్ బేకర్ అనే రచయిత, సంఖ్య చెప్పేటప్పుడు ఫ్యూయర్ మేలని తన అభిరుచిగా రాశాడు. తర్వాతివాళ్లు దాన్ని నియమం చేశారు. నిజానికి అంతకు కొన్ని శతాబ్దాల ముందు, ఇంగ్లండ్‌లో ఆల్‌ఫ్రెడ్ రాజు కాలంలోనే, లెక్కపెట్టేవాటికీ లెస్ వాడారు. అయినా విమర్శలు ఆగలేదు. 2008లో బ్రిటన్‌లోని టెస్కో దుకాణాలు 'టెన్ ఐటమ్స్ ఆర్ లెస్' బోర్డులను 'అప్ టు టెన్ ఐటమ్స్' అని మార్చాయి.

తెలుగులో లెస్, ఫ్యూయర్ రెండింటికీ 'తక్కువ' ఒక్కటే చాలు. పది వస్తువులైనా, పది లీటర్లైనా పాఠకుడికి అందే సమాచారం మారదు. 'ఎ' విషయం అలా కాదు. దాన్ని వదిలేస్తే సంఖ్య అలాగే ఉంటుంది, వార్త తిరగబడుతుంది. సాయం అందిందన్న కబురు సాయం చాలలేదన్న ఫిర్యాదుగా మారుతుంది.

అందుకే కొత్తగా డెస్కులో చేరిన పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. ఇంగ్లిషు వాక్యంలో ఇలాంటి మాట ఎదురైతే, రాసినవాడు ఉన్నదాని గురించి చెబుతున్నాడా, లేనిదాని గురించా అని ముందు తేల్చుకోండి. ఆ తర్వాతే తెలుగు మాట ఎంచుకోండి.