మ్యూజియమునకు గోడలు చాలునా?

మ్యూజియం అనగానే పాత వస్తువులను అద్దాల బీరువాలలో పెట్టి చూపే భవనం మనకు గుర్తుకు వస్తుంది. ఆ పేరు గ్రీకుల నుండి వచ్చినది. క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దిలో టాలమీ రాజులు అలెగ్జాండ్రియాలో నెలకొల్పిన 'మూసియాన్' పండితులు కూడి చదువుకొనే చోటు. తరువాతి కాలంలో ఐరోపా రాజులు, ధనికులు వింతవస్తువులను తమ గదులలో పోగుచేసుకొన్నారు. 1683లో ఆక్స్‌ఫర్డులో ఆష్మోలియన్, 1759లో లండనులో బ్రిటిష్ మ్యూజియం, 1793లో పారిస్‌లో లూవ్ర్ తలుపులు తెరచిన పిమ్మట కొందరి వేడుక పదిమంది చదువుగా మారినది. మన దేశంలో 1814లో కలకత్తా మ్యూజియం, 1851లో మద్రాసు మ్యూజియం ఏర్పడినవి.

అయితే వింతవస్తువు శాస్త్రానికి సాక్ష్యమయ్యేది ఎప్పుడు? అది ఎక్కడ, ఏ పొరలో దొరికినదో వ్రాసిపెట్టినప్పుడు. దీనికి గిద్దలూరు మంచి ఉదాహరణ. అక్కడి ఏటి గట్టుల గులకరాళ్ళలో ఆదిమానవుని రాతి పనిముట్లు దొరికినవి. కె.వి. సౌందరరాజన్ వాటిని పరిశీలించి, 1952లో 'ఏన్షియంట్ ఇండియా' పత్రికలో వ్యాసం ప్రకటించారు. ఆ రాళ్ళను చేతిలోకి తీసుకొని చూచినచో, చెక్కు తీసిన గులకరాళ్ళే. ఏది ఏ పొరలోనిదో తెలిసినప్పుడే ఏది ముందు, ఏది వెనుక అని చెప్పగలము. పొర పేరు పోతే రాయి మిగులుతుంది గాని, చరిత్ర మిగలదు.

ఇట్టి నష్టం అమరావతిలో నిజంగానే జరిగినది. 1845లో సర్ వాల్టర్ ఇలియట్ అక్కడ త్రవ్వించి శిల్పాలను మద్రాసుకు పంపించారు. వాటిలో చాలా భాగం 1859లో లండనుకు చేరినది. రాళ్ళు భద్రంగానే ఉన్నవి. కాని ఏ రాయి స్తూపంలో ఏ చోటిదో ఆనాడు సరిగా వ్రాసిపెట్టకపోవుట వలన పండితులు నేటికీ ఊహలతో కుస్తీ పడుతున్నారు.

'అయితే శిల్పాలను దొరికిన చోటనే ఉంచితే సరి' అని కొందరు అంటారు. ఆ మాటలో న్యాయమున్నది. కాని చందవరం కథ మరొక సంగతి చెబుతుంది. మార్కాపురానికి తూర్పున, దొనకొండ సమీపంలో, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఈ గ్రామంలో 1970వ దశకంలో రాష్ట్ర పురావస్తుశాఖ త్రవ్వి బౌద్ధ మహాస్తూపాన్ని వెలికితీసినది. శిల్పాలను అక్కడనే ఉంచారు. అక్కడి సున్నపురాతి శిల్పమొకటి దొంగల పాలై, చేతులు మారి, సముద్రాలు దాటినది. 'బుద్ధుని ఆరాధకులు' అను పేరుతో దానిని 2005లో ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల కొన్నది. ఆ శిల్పం చందవరంలో ఉండగా తీసిన పాత ఛాయాచిత్రం బయటపడిన మీదట, 2016లో దానిని భారతదేశానికి తిరిగి ఇచ్చివేసినది.

దీనిని గమనించవలెను. శిల్పాన్ని గోడలు కాపాడలేదు, తలుపు తాళం కాపాడలేదు. ఒక ఛాయాచిత్రం తిరిగి రప్పించినది. ఆ బొమ్మయే లేకున్నచో, ఆ శిల్పం మనదని ఋజువు చేయుట ఎంత కష్టమయ్యేదో ఊహించవచ్చును. అందుచేత 'పట్నంలోనా, పల్లెలోనా' అన్న వాదం కంటె, 'చిట్టా ఉన్నదా, లేదా' అన్న ప్రశ్న ముఖ్యం. ప్రతి వస్తువుకూ ఒక అంకె, నాలుగు వైపుల ఛాయాచిత్రాలు, కొలతలు, దొరికిన చోటు, తేదీ ఉండవలెను. ఆ చిట్టా నకలు మరొక ఊరిలో భద్రపడి ఉండవలెను. ఈ పనికి పాలరాతి మందిరం అక్కరలేదు. ఓపిక గల గుమాస్తా, ఒక కెమెరా చాలును. కొత్త భవనానికి శంకుస్థాపన చేయుటలో ఉన్న ఉత్సాహం ఈ వ్రాతపనిలో కనబడదు. లోపమంతా అక్కడనే ఉన్నది.

ఈ చిట్టాలో శిల్పాలే కాదు, మార్కాపురం పలక కూడా చేరదగినదే. కోట్ల ఏండ్ల క్రింద నీటి అడుగున పేరుకొన్న మెత్తని బురద, భూమి ఒత్తిడికి గట్టిపడి పొరలు పొరలుగా చీలే రాయి అయినది. దాని మీదనే ఎందరో పిల్లలు ఓనమాలు దిద్దారు. ఏ గనిలోనిది, ఎంత లోతున దొరికినది అని వ్రాసి ఆ పలకను బల్లపై ఉంచినచో, బడిపిల్లవానికి భూగర్భశాస్త్రంలో తొలిపాఠం అదే అవుతుంది. పేరు వ్రాయకుండా ఉంచినచో అది ఒట్టి రాయి.