పాయింటరుకు ఎడమ పక్కన

సీ భాషలో స్ట్రింగుకు నకలు తీయాలంటే ముందు పొడవు కొలవాలి, దానికి ఒకటి కలిపి మాలాక్‌ను మెమరీ అడగాలి, ఆ తర్వాత అక్షరాలు కాపీ చేయాలి. ఆ అదనపు బైటు చివర్లో పెట్టే సున్నా కోసం. అది కలపడం మరిచిపోతే సున్నా పొరుగు జాగాలో పడుతుంది. ప్రోగ్రామ్ అప్పుడే కూలదు, ఎప్పుడో ఇంకెక్కడో కూలుతుంది. ఈ తతంగాన్ని స్ట్రడప్ ఒక్క పిలుపుతో ముగిస్తుంది. అయితే ఆ నకలుకు మరో ముక్క అతికించాలంటే కొలతలు మళ్లీ మొదటికే.

ఇటలీ ప్రోగ్రామర్ సాల్వతోరే శాన్‌ఫిలిప్పో 2009లో విడుదల చేసిన రెడిస్ డేటాబేస్‌లో ఈ చిక్కును విప్పిన చిన్న లైబ్రరీ ఉంది. పేరు ఎస్‌డీఎస్. పొడవునూ ఖాళీ జాగానూ రాసిపెట్టుకునే హెడర్‌ను అక్షరాలకు ముందు, ఒకే మాలాక్‌లో ఇమిడ్చారు. మామూలుగా ఎవరైనా ఆ హెడర్ చిరునామానే తిరిగి ఇస్తారు. ఇక్కడ ఇచ్చేది మొదటి అక్షరం చిరునామా! అందుకే ప్రింట్‌ఎఫ్‌కు అది మామూలు స్ట్రింగులాగే కనిపిస్తుంది. పొడవు కావాల్సినప్పుడు లైబ్రరీ వెనక్కి జరిగి చదువుకుంటుంది. అక్షరాలు లెక్కపెట్టే పని లేదు. మధ్యలో సున్నాలున్నా దానికి ఇబ్బంది లేదు. ముక్క అతికించేటప్పుడు చోటు చాలకపోతే, కావలసినదానికి రెట్టింపు తీసుకుంటుంది. 1 ఎంబీ దాటాక మాత్రం అదనంగా 1 ఎంబీతో సరిపెట్టుకుంటుంది.

నాకు మరీ ముచ్చటేసేది 2016 నాటి 3.2 వెర్షన్‌లోని మార్పు. అంతకుముందు హెడర్‌లో రెండు పూర్ణాంకాలు, మొత్తం 8 బైట్లు. లక్షల కొద్దీ పొట్టి కీలను మోసే డేటాబేస్‌కు అది దుబారా. అందుకని అయిదు రకాల హెడర్లు చేశారు. ఏ స్ట్రింగుది ఏ రకమో తెలిసేదెలా? మొదటి అక్షరానికి సరిగ్గా ఎడమన ఉన్న బైటులో, కింది మూడు బిట్లు ఆ రకాన్ని చెబుతాయి. అతి చిన్న రకంలో మిగిలిన అయిదు బిట్లే పొడవు. అంటే 31 అక్షరాల దాకా హెడర్ మొత్తం ఒక్క బైటే. ఇండెక్స్‌గా మైనస్ ఒకటి కనిపిస్తే సీ రాసేవాళ్లెవరికైనా గుండె జారుతుంది. ఇక్కడ కట్టడమంతా దాని మీదే నిలబడింది.

దీనికో మూల్యం లేకపోలేదు. అతికించినప్పుడు స్ట్రింగు మొత్తం మరో చోటికి మారిపోవచ్చు కాబట్టి, తిరిగొచ్చిన పాయింటర్‌ను ప్రతిసారీ పాత వేరియబుల్‌లోనే మళ్లీ దాచుకోవాలి. అదే స్ట్రింగును రెండు చోట్ల పట్టుకుని ఉంటే రెండింటినీ మార్చాలి. కంపైలర్ దీన్ని గుర్తుచేయదు. లైబ్రరీ పరిచయ పత్రంలో మాత్రం ఈ లోపాన్ని దాచకుండా రాసిపెట్టారు.