రోడ్డుకు పుట్టిన పడవ, ఇసుకకు పుట్టిన పడవ

1969లో ఇయన్ బ్రూస్ తన మిత్రుడు బ్రూస్ కర్బీకి ఫోన్ చేసి, కారు టాపు మీద కట్టుకుని తీసుకుపోగలిగిన చిన్న తెరచాప పడవ ఒకటి కావాలన్నాడు. ఇద్దరూ కెనడా వాళ్ళే, ఇద్దరూ పడవల రూపకల్పనలో చెయ్యి తిరిగినవాళ్ళే. కర్బీ ఫోన్లో మాట్లాడుతూనే కాగితం మీద ఒక బొమ్మ గీశాడు. రెండేళ్ళ తర్వాత, 1971లో, ఆ బొమ్మే లేజర్ పడవగా అమ్మకానికి వచ్చింది. తర్వాత అది కారు టాపు దిగి ట్రెయిలర్ ఎక్కినా, పుట్టుకలో ఉన్న రోడ్డు దాన్ని వదల్లేదు.

అవే రోజుల్లో కాలిఫోర్నియా తీరంలో హోబీ ఆల్టర్ ఇంకో దారిలో ఆలోచించాడు. అతను సర్ఫ్‌బోర్డులు చేసి పేరు తెచ్చుకున్నవాడు. రేవూ జెట్టీ అక్కర్లేకుండా, ఇసుక మీద నుంచే నీళ్ళలోకి తోసి, విరుచుకుపడే అలను చీల్చుకుంటూ బయటికి పోగలిగే పడవ అతనికి కావాలి. 1968లో హోబీ 14, కొద్దికాలానికే దాని అన్న లాంటి హోబీ 16 వచ్చాయి. రెండూ కాటమరాన్లే: రెండు సన్నటి పొట్టలు, మధ్యలో బిగించి కట్టిన ట్రాంపొలిన్ గుడ్డ. పొట్టల అడుగున పలకలేవీ కిందికి దిగి ఉండవు. తిరిగొచ్చేటప్పుడు చుక్కానులు పైకి లేపేస్తే చాలు, నేరుగా ఇసుక మీదికి ఎక్కేస్తుంది.

ఈ రెండు పడవల్నీ నీళ్ళ మీద పోల్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను నేల మీద పోల్చదలచుకున్నాను. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, గట్టు నుంచి నీటి దాకా పడవను మోసే చక్రాలు, ఆ పడవ రోడ్డు మీద పోతున్నప్పుడు ఎక్కడుంటాయి? చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది. కానీ డిజైనరు తన పని ఎక్కడ ముగిసిందనుకున్నాడో ఈ ప్రశ్న దగ్గరే బయటపడుతుంది.

లేజర్ సంగతి ముందు. పొడవు 4.23 మీటర్లు, వెడల్పు 1.37 మీటర్లు, పొట్ట బరువు 59 కిలోలు. దానికొక తేలికపాటి ట్రాలీ ఉంటుంది: ఒక ఇరుసు, రెండు చిన్న చక్రాలు, ముందు పట్టుకుని లాగడానికి ఒక పిడి. పడవ నీళ్ళలో లేనప్పుడల్లా ఈ ట్రాలీ మీదే ఉంటుంది. రోడ్డెక్కాల్సి వస్తే బ్రిటన్‌లో చేసే పద్ధతి చూడండి. రోడ్డు చక్రాలూ దీపాలకు ఏర్పాటూ ఉన్న చట్రం ఒకటి కారు వెనక తగిలించి ఉంటుంది. పడవను ట్రాలీతో సహా దాని మీదికి ఎక్కించి, ముందు ఒక బిగింపు, నడుము దగ్గర ఒక పట్టీ వేస్తారు. అంతే. ట్రాలీ ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నే లేదు, అది పడవ కిందే ఉంది. రేవు చేరాక ట్రాలీ దిగి నీళ్ళలోకి వెళ్తుంది, రోడ్డు చట్రం పొడిగా గట్టు మీదే ఉండిపోతుంది. అసలు ప్రయోజనం ఇదే. రోడ్డు మీద తిరిగి వేడెక్కిన బేరింగుల్ని ఉప్పునీళ్ళలో ముంచితే అవి ఎంతో కాలం బతకవు. హుస్సేన్‌సాగర్ మీద ఏటా జరిగే హైదరాబాద్ సెయిలింగ్ వీక్‌లో లేజర్లు పోటీ పడతాయి. గట్టున నిలబడి చూసినవాళ్ళకు ఈ ట్రాలీ పరిచయమే: ఒక్క కుర్రాడు, పిడి పట్టుకుని, పడవను వెంట తీసుకుపోతుంటాడు.

హోబీ 16కు ఈ సౌఖ్యం లేదు. పొడవు 5.05 మీటర్లు, బరువు 145 కిలోలు, అవి పెద్ద ఇబ్బంది కాదు. చిక్కంతా 2.41 మీటర్ల వెడల్పుతోనే. యూరప్‌లో చాలాచోట్ల రోడ్డు మీద బండికి అనుమతించే వెడల్పు 2.55 మీటర్లు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఎనిమిదిన్నర అడుగులు. పడవే దాదాపు ఆ హద్దు దాకా వచ్చేసింది. దాని రెండు పొట్టల్నీ మోయాలంటే ఇరుసు కూడా అంత పొడవూ ఉండాలి. ఇక మెత్తటి ఇసుకలో కూరుకుపోకుండా ఉండాలంటే చక్రాలు బుడగల్లా లావుగా ఉండాలి. బీచ్ వీల్స్ అంటే అవే: అల్యూమినియం గొట్టంతో ఇరుసు, దాని మీద పొట్టలు ఆనడానికి రెండు ఊయలలు, చివర్లలో పాలీయురేథేన్ బుడగ చక్రాలు, అవి జారిపోకుండా పిన్నులు. ఎక్కువగా వాడే రకంలో చక్రం అడ్డకొలత 42 సెంటీమీటర్లు. ఇసుక మీద ఇవి చేసే మేలు చూసి తీరాలి. నలుగురు పట్టి కష్టపడి లాగాల్సిన పడవ ఇద్దరి చేతుల్లో సాఫీగా నడిచిపోతుంది. ఆ పడవను ట్రెయిలర్ మీదికి ఎక్కించిన మరుక్షణం ఈ చక్రాలు దిక్కులేనివవుతాయి. లేజర్ ట్రాలీకి పడవ కింద చోటుంది. బీచ్ వీల్స్‌కు ఎక్కడా చోటు ఉంచలేదు.

అమెరికా హైవేల మీద ఎక్కువగా కనిపించే పరిష్కారం, సెట్టుకు సెట్టు ట్రాంపొలిన్ మీద పడేసి పట్టీలతో బిగించడం. తేలికైన పనే. తీరం చేరగానే తీసి వాడుకోవచ్చు, విప్పేదీ బిగించేదీ లేదు. అయినా దీనంత చెడ్డ పద్ధతి ఇంకొకటి లేదని నా నిశ్చితాభిప్రాయం. గుడ్డ ఒరిసిపోతుందన్నది మొదటి కారణం. ఊయలల అంచులు, పిన్నుల తలలు గంటల తరబడి అదురుతూ రాసుకుంటుంటే, మనుషుల బరువు మోయడానికి అల్లిన ఆ వల కుట్ల దగ్గర పలచబడుతుంది. అసలు కారణం మాత్రం చక్రాల్లోని గాలి.

బుడగ చక్రాన్ని పట్టీతో బిగించడమంటే గాలిని పట్టీతో బిగించడమే. ఈ చక్రాల్లో ఉంచాల్సిన గాలి రెండు నుంచి నాలుగు పీఎస్ఐ. చిన్న ట్రెయిలర్ టైరులో యాభై, అరవై దాకా ఉంటుంది. అమెరికా గల్ఫ్ తీరంలో 35 డిగ్రీల ఎండలో మూడు పీఎస్ఐ కొట్టి, పట్టీ చేతికి గట్టిగా తగిలేదాకా బిగించారనుకుందాం. రాత్రి ప్రయాణం. తెల్లవారుజామున ఎక్కడో మైదానంలో 15 డిగ్రీలుంది. గేజీ చూపే ఒత్తిడికి బయటి వాతావరణపు 14.7 కూడా కలిపి లెక్క వేస్తే, మూడున్నది రెండుకు కాస్త లోపలికి పడిపోతుంది. ట్రెయిలర్ టైరులోనూ నాలుగు పీఎస్ఐ పైనే తగ్గుతుంది, కాని యాభైలో నాలుగు పోతే ఏమీ కాదు. మూడులో ఒకటి పోతే పట్టీ కింద చక్రం సొట్టపడుతుంది. నిన్న సాయంత్రం గట్టిగా ఉన్న కట్టు తెల్లారేసరికి వదులు. గంటకు నూరు కిలోమీటర్ల గాలికి ఆ వదులు చాలు, సెట్టు మెల్లగా పక్కకు నడుస్తుంది.

కొండ ఎక్కేటప్పుడు దీనికి తలకిందులుగా జరుగుతుంది. కొలరాడోలో తెరచాప పడవలు తిరిగే డిల్లన్ సరస్సు సముద్రమట్టానికి 9,000 అడుగుల పైన ఉంది. అక్కడ బయటి గాలి ఒత్తిడి దాదాపు పదిన్నర పీఎస్ఐ. తీరంలో మూడు కొట్టిన చక్రం అక్కడికి చేరేసరికి, చల్లదనం కొంత తగ్గించినా, ఆరు దగ్గరకు పోతుంది. తయారీదారు నాలుగు దాటొద్దన్న చక్రమది. పైగా పట్టీ దాన్ని నడుం దగ్గర నొక్కిపట్టి ఉంచితే ఉబ్బు అంతా పక్కలకే పోవాలి. కొండ ఎక్కబోయే ముందు పట్టీ వదులు చేసి, చక్రాల్లో గాలి చాలావరకు తీసేస్తే ఈ తిప్పలు తప్పుతాయి. సరస్సు ఒడ్డున చేతి పంపుతో మళ్ళీ నింపుకోవచ్చు. తక్కువ గాలి పట్టే ఈ చక్రాల మీద పెట్రోలు బంకులోని కంప్రెసరు పెట్టకూడదు. రెప్పపాటులో హద్దు దాటిస్తుంది.

ఇంకొందరు ట్రెయిలర్ ముందు భాగంలో తెరచాప స్తంభం ఆనే ఆసరాకు చక్రాలను నిలువుగా తగిలిస్తారు. ఇందులో ఆలోచన ఉంది: చక్రం దాని బొడ్డు దగ్గర, ఇనుప మొల మీద ఆనుతుంది, బుడగ మీద బిగింపు ఉండదు. చేసే పొరపాటల్లా దాన్ని తిరగనివ్వడమే. కారు వెనక సుడి తిరిగే గాలికి ఈ తేలికపాటి చక్రం గిర్రున తిరుగుతుంది. దాని బొడ్డులో ఉన్న ప్లాస్టిక్ బుష్షు ఇసుక మీద మనిషి నడక వేగానికి చేసింది. హైవే మీద నాలుగు గంటలు ఆగకుండా తిప్పడానికి కాదు. చక్రం లోపలి రంధ్రాల్లోంచి ఒక తాడు తీసి ఆసరాకు ముడి వేస్తే తిరగడం ఆగుతుంది. ఆ ఒక్క ముడి మరచిపోయినవాళ్ళు తర్వాత ఇసుకలో కిర్రుమంటూ ఎగుడుదిగుడుగా తిరిగే చక్రాలతో అవస్థ పడతారు.

నాకు నచ్చిన పద్ధతి మూడోది: పిన్నులు లాగి, చక్రాలు విడదీసి, ఇరుసును ట్రెయిలర్ నొగ వెంబడి పొడవుగా కట్టడం. రెండు పొట్టలకూ మధ్య, ట్రాంపొలిన్ కింద, ముందు నుంచి వెనక దాకా పోయే ఉక్కు గొట్టం ఒకటి ఎలాగూ ఉంటుంది. ఇరుసు దాని పక్కనే పడుకుంటుంది. పక్కలకు పొడుచుకురాదు, వెడల్పు హద్దుతో పేచీ లేదు, వెనక దీపాలకు అడ్డం రాదు. ఇనుముకూ అల్యూమినియానికీ మధ్య పాత కార్పెట్ ముక్క వేస్తే ఒరిపిడి ఉండదు, ఉప్పు తేమలో రెండు లోహాలూ ఒకదాన్నొకటి తినవు. చక్రాలు కారు డిక్కీలోకి, లేదా ఆసరా మీది మొలలకు. పిన్నులు మాత్రం ఇరుసు రంధ్రాల్లోనే తిరిగి గుచ్చి ఉంచాలి. డిక్కీలో వేరుగా పడేసిన పిన్ను కావాల్సినప్పుడు దొరకదు, దాని బదులు మేకు దూర్చిన ఇరుసు నీళ్ళలో చక్రాన్ని వదిలేస్తుంది.

దీనికి ఎదురు చెప్పేవాళ్ళ మాటలోనూ న్యాయం ఉంది. ట్రెయిలర్ మీంచి పడవ దించడానికి ముందుగా కావాల్సింది బీచ్ వీల్సే. పడవ వెనక భాగం రోలర్ల మీదుగా జారుతూ ఉండగా కిందికి ఇరుసు తోసి, బరువు సరిగ్గా తూగే చోట ఊయలల్లో కూర్చోబెట్టాలి. అందుకని అవి చేతికందేలా, బిగించి సిద్ధంగా ఉండాలంటారు. కానీ స్తంభం విషయం మరచిపోతున్నారు. ఇరవై ఆరు అడుగుల స్తంభం పడవ పొడవునా ట్రాంపొలిన్ పైన పడుకుని ఉంటుంది. దాని కింద ఇరికించిన సెట్టును ఊడబెరకడం కంటే, నొగ మీంచి ఇరుసు విప్పి రెండు పిన్నులు గుచ్చడమే తొందరగా అవుతుంది.

విడదీసి తీసుకుపోవడం ఈ జాతి పడవలకు కొత్తేమీ కాదు. రాడ్నీ మార్చ్ రూపొందించి, 1976 నుంచి 2008 దాకా ఒలింపిక్స్‌లో ఉన్న టోర్నడో కాటమరాన్ వెడల్పు మూడు మీటర్లు. అది రోడ్డుకు పట్టనే పట్టదు. దూలాలు విప్పి పొట్టల్ని విడివిడిగా తీసుకుపోవాలి, లేదా వాలుగా నిలిపే ప్రత్యేక ట్రెయిలర్ కావాలి. అంత పెద్ద పడవే విప్పించుకున్నప్పుడు, రెండు పిన్నులు లాగడానికి హోబీ యజమాని బద్ధకించడం నాకు మింగుడుపడదు.

చక్రాలు పడవతో పాటే ప్రయాణించాలన్న నియమం కూడా ఏమీ లేదు. 1974లో మైకేల్ వరెల్, అతని తోటి నావికుడు ఒక హోబీ 16 మీద వర్జీనియా బీచ్ నుంచి ఫ్లోరిడా దాకా వెళ్ళారు. 1976లో అది పోటీగా మారింది. ఇప్పుడు వరెల్ 1000 అని పిలిచే ఆ పోటీలో పడవలు ఫ్లోరిడా నుంచి వర్జీనియా దాకా వెయ్యి మైళ్ళు సముద్రం మీద, విడతల వారీగా సాగుతాయి. ఖాళీ ట్రెయిలర్‌తో, బీచ్ వీల్స్‌తో తీరపు బృందం రోడ్డు మీద ముందుకు పరుగెత్తుతుంది. సాయంత్రం అలల మీద నుంచి అలసిపోయి ఒడ్డుకు కొట్టుకొచ్చే నావికుల కోసం చక్రాలు అక్కడ ముందే చేరి ఉండాలి. ఈ బృందాలవాళ్ళకు చక్రాలంటే పోటీ సరంజామాలో భాగం, మిగిలిన సామానుతో పాటు కుక్కే వస్తువు కాదు. మామూలు హోబీ యజమానుల్లో నేను చూడాలనుకునే దృష్టి అదే.

ఇంతా చెప్పి లేజర్ ఏర్పాటే గొప్పదని తేల్చేస్తే అన్యాయమవుతుంది. ఆ ట్రాలీ సిమెంటు ర్యాంపు మీద, గడ్డి మీద, గట్టి నేల మీద రాజు. దాన్ని పొడి ఇసుకలోకి దింపితే సన్నటి చక్రాలు నాగలి కర్రులా దిగబడతాయి. రోడ్డుతో అంత చక్కగా కుదిరింది కనుకనే ఇసుకతో కుదరలేదు. బీచ్ వీల్స్ లావే వాటి ప్రాణం, రోడ్డు మీద వాటికి చోటు లేకుండా చేసేదీ ఆ లావే. నీటి అంచు దగ్గర హోబీ గెలుస్తుంది, హైవే మీద లేజర్ గెలుస్తుంది. తేడా ఒక్కటే: లేజర్ లోపం నేల స్వభావం వల్ల వచ్చింది, దాన్ని తీర్చడం కష్టం. హోబీ లోపం చాలావరకు పట్టించుకోకపోవడం వల్ల వచ్చింది, ఒక వెల్డరు పూటలో తీర్చగలడు.

కాటమరాన్ ట్రెయిలర్ అమ్మేవాళ్ళు పొట్టలకు రోలర్లు ఇస్తారు, స్తంభానికి ఆసరా ఇస్తారు, తెరచాపల పెట్టెకు చోటిస్తారు. నొగ మీద ఇరుసు వాలడానికి రబ్బరు వేసిన రెండు గాడులు, ఆసరాకు అటొకటి ఇటొకటి చక్రాలు ఎక్కించే మొలలు, ఆ మొలల కొసన తిరగకుండా ఆపే పిన్ను, ఇవి కూడా కొన్ననాడే రావాలి. వెనక దీపాల్ని కప్పేంత ఎత్తులో, మలుపులో కారు బంపరుకు తగిలేంత దగ్గరలో మొలలు ఉండకూడదు. ముందు వైపు పెరిగే ఈ బరువును లెక్కలోకి తీసుకుని ట్రెయిలర్ ఇరుసు మీద పడవను బెత్తెడు వెనక్కి జరిపేలా రోలర్లకు సవరింపు ఉండాలి. ఇవి అడగకుండా ట్రెయిలర్ కొనకండి.