మెత్తదనమే గుణమా? : మసాలా మిల్లులపై ఒక విమర్శ

ఒక యంత్రాన్ని మెచ్చుకొనే ముందు అది చేయవలసిన పని ఏమిటో తెలుసుకోవలె. ఇది సామాన్యమైన సూత్రమే అయినా వంటింటి మిల్లుల విషయంలో తరచు మరచిపోతుంటాము. మిల్లు పెట్టె మీద కొట్టవచ్చినట్లు కనబడేవి రెండు అంకెలు: ఎన్ని వాట్లు, నిమిషానికి ఎన్ని చుట్లు. వాట్లు ఎక్కువైతే మంచి మిల్లు, పొడి మెత్తగా వస్తే గొప్ప మిల్లు అని కొనేవారు నమ్ముతారు. ఈ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో ఒక ఉదాహరణతో పరీక్షిద్దాం. అమెరికాలో బార్బెక్యూ మాంసానికి పట్టించే పొడి మసాలాను తీసుకొందాం. దానిని అక్కడ 'రబ్' అంటారు.

బార్బెక్యూ అంటే మాంసాన్ని మంటమీద పెట్టి కాల్చడం కాదు. కట్టెల పొగలో, సుమారు 110 నుంచి 135 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో, గంటల తరబడి మగ్గనివ్వడం. మధ్య టెక్సాస్ పద్ధతిలో 'బ్రిస్కెట్' అనే గొడ్డుమాంసపు రొమ్ముభాగానికి పట్టించే పొడిలో ముఖ్యమైనవి రెండే: ఉప్పు, మిరియాలు. మెంఫిస్, కాన్సాస్ సిటీ పద్ధతులలో పాప్రికా అనే కారం తక్కువైన మిరపపొడి, పంచదార, వెల్లుల్లిపొడి మొదలైనవి కూడా చేరతాయి. పొగలో మాంసపు పైభాగం ఆరి, ఈ పొడితో కలిసి నల్లని పొరగా గట్టిపడుతుంది. తినేవారు ఆశపడేది ఆ పొర కోసమే. టెక్సాస్ వంటవారు మిరియాలను '16 మెష్' అని అడిగి కొంటారు. అంటే అంగుళానికి 16 కన్నులున్న జల్లెడ లెక్కన, సుమారు 1.2 మిల్లీమీటర్ల రవ్వ. వారు కోరేది మెత్తదనాన్ని కాదు, ఒక కొలతను. ఇది గమనింపదగిన విషయం.

కొలత ఎందుకు? నాలుగు మిల్లీమీటర్ల మిరియపు గింజను ఒక మిల్లీమీటరు రవ్వగా చేస్తే దాని ఉపరితలం సుమారు నాలుగు రెట్లవుతుంది. 0.1 మిల్లీమీటరు పొడిగా చేస్తే నలభై రెట్లవుతుంది. మిరియాల ఘాటుకు కారణమైన పైపెరీన్ సులభంగా ఆవిరి కాదు. వాసనకు కారణమైన పైనీన్, లిమొనీన్ వంటి తైలద్రవ్యాలు గాలి తగిలితేనే ఎగిరిపోతాయి. కాబట్టి మితిమీరి మెత్తనైన పొడిలో వాసన ముందుగా పోయి, ఘాటు మాత్రం మిగులుతుంది.

రెండవ కారణం కలయిక. చెరిగే చేట, జల్లించే జల్లెడ తెలిసినవారికి ఇది కొత్త కాదు. పెద్దవీ చిన్నవీ కలిసిన రేణువులను కుదిపితే, చిన్నవి సందుల గుండా కిందికి జారి, పెద్దవి పైకి తేలుతాయి. సన్నని ఉప్పుతో బరక మిరియాలు కలిపి సీసాలో పోసి చల్లితే, మాంసంలో ఒకచోట ఉప్పన, మరొకచోట చప్పన. అందుకే బార్బెక్యూ వంటవారు పెద్ద పలుకుల ఉప్పును వాడుతారు. మంచి మిల్లుకు అసలు పరీక్ష రేణువుల సమానత.

ఈ పరీక్షకు ముందుగా కత్తిరెక్కల మిల్లును నిలబెడదాం. మన మిక్సీ చిన్న జారు ఈ జాతిదే. ఇందులో రెక్క గింజను కొట్టడం కేవలం యాదృచ్ఛికం. పదిసార్లు దెబ్బతిన్న గింజ ధూళి అవుతుంది, తప్పించుకొన్నది సగం చెక్కగా మిగులుతుంది. సమానం చేద్దామని ఇంకాసేపు తిప్పితే ధూళి పెరుగుతుందే కాని సమానత రాదు. నలగగొట్టడానికి కావలసిన శక్తి కొత్తగా ఏర్పడే ఉపరితలాన్ని బట్టి ఉంటుందని 1867లో రిట్టింగర్ చెప్పాడు. ఆచరణలో యంత్రానికిచ్చే శక్తిలో అధికభాగం వేడిగా మారుతుంది. 150 వాట్ల మిల్లు అరనిమిషం తిరిగితే 4500 జౌళ్ల శక్తి తీసుకొంటుంది. అందులో సగమే వేడిగా పొడికి చేరినదనుకొందాం. 30 గ్రాముల మిరియాలకు, గ్రాముకు డిగ్రీకి 2 జౌళ్ల చొప్పున లెక్కకట్టినా, వేడి సుమారు 37 డిగ్రీలు పెరుగుతుంది. మూత తీయగానే వచ్చే ఘుమఘుమ మాంసానికి దక్కకుండా పోయిన వాసనే! వాట్లు ఈ నష్టాన్ని తగ్గించవు. అవి యంత్రం తీసుకొనే శక్తిని చెబుతాయి గాని పనితనాన్ని చెప్పవు.

ఇక రెండవది పళ్ల మిల్లు. ఇది మన తిరగలికి తమ్ముడు. రెండు పళ్ల చక్రాల నడుమ ఎడమెంతో రవ్వ అంత. ఎడాన్ని మరతో సవరించవచ్చు. ఫ్రాన్సులో ప్యూజో సంస్థ తన తొలి మిరియాల మిల్లును 1874లో తయారుచేసింది. నేటికీ చేతితో తిప్పే మిల్లులలో సూత్రం ఇదే. చేతి తిప్పుడు నిదానం గనుక వేడి స్వల్పం. కాని దీనికీ లోపాలున్నవి. ఎండుమిరప తొక్క పెళుసుగా లేకపోతే పళ్లలో సాగి ఇరుక్కొంటుంది. దాల్చినచెక్క లోపలికే దిగదు. ఉప్పు తగిలితే మామూలు ఉక్కు పళ్లు తుప్పుపడతాయి.

రోలు మాటేమిటి? వేడి లేదు, ఎక్కడ ఆపాలో చేతికి తెలుస్తుంది. కాని పెద్ద మాంసపు ముక్కకు సరిపడేంత మిరియాలు దంచాలంటే చెయ్యి నొస్తుంది, గింజలు చిందుతాయి. కొద్దిపాటి పొడికి దీనిని మించినది లేదు.

ఇక తీర్పు. మిరియాలకు, ధనియాలకు పళ్ల మిల్లు. బాగా ఎండబెట్టిన మిరపకు, విరిచిన దాల్చినచెక్కకు కత్తిరెక్కల మిల్లు. అదీ ఐదారు సెకన్లు తిప్పి, ఆపి, చల్లారనిచ్చి. ఉప్పు, పంచదార ఏ మిల్లులోనూ వేయనక్కరలేదు. చివర కలిపితే చాలు. అమెరికాకు వెళ్లే తెలుగువారు ఇంటి మిక్సీని వెంట తీసుకొనిపోయే ముందు దాని వోల్టేజి చూడవలె. ఇక్కడి 230 వోల్టుల మోటారు అక్కడి 120 వోల్టుల విద్యుత్తుకు సరిగా పనిచేయదు. మిక్సీ ఒక్కటే ఉన్నవారు కూడా నిరాశ పడనక్కరలేదు. కాసేపు తిప్పి, జల్లించి, రవ్వను మాంసానికి ఉంచుకొని, కిందికి దిగిన మెత్తని పొడిని మిరియాల చారుకు వాడుకోవచ్చు.

తయారీదారులకూ ఒక మాట చెప్పవలసి ఉన్నది. పెట్టె మీద వాట్ల అంకె పక్కన, ఈ మిల్లులో రవ్వ ఎంత నుంచి ఎంత వరకు వస్తుందో ముద్రించితే కొనేవారికి నిజమైన ఉపకారం జరుగుతుంది. అంతవరకు డబ్బు పోసి వాట్లు కొనడంకంటె, ఒక మంచి జల్లెడ కొనడం తెలివైన పని.