అంచు లేని ఆకాశం

జపాన్ చిత్రకారుడు హిరోషిగే చెక్కదిమ్మెల ముద్రాచిత్రాల్లో ఆకాశాన్ని ఒకసారి నిదానంగా చూడండి. కాగితం పైఅంచున చిక్కటి నీలం పట్టీ ఉంటుంది. బెత్తెడు కిందికి వచ్చేసరికి అది పలచబడి, ఎక్కడ ఆగిందో తెలియకుండా కాగితపు తెలుపులో కలిసిపోతుంది. ఆయన 1856-58 మధ్య వెలువరించిన ఎడో నగర దృశ్యాల్లో ఇలా జారే రంగు మాటిమాటికీ కనిపిస్తుంది. ఒకచోట నింగిలో, ఒకచోట నది మధ్యలో, ఇంకొకచోట పొద్దుగూకే దిక్కున. జపాన్ వాళ్లు దీన్ని బొకాషి అంటారు.

బొమ్మ కింద పేరు హిరోషిగేది. కానీ ఆ జారుడు ఆయన చేతిది కాదు. దిమ్మె చెక్కినవాడిదీ కాదు, ఎందుకంటే ఆకాశం ఉండాల్సిన చోట చెక్క మీద చదునైన ఖాళీ తప్ప మరేమీ ఉండదు. కాగితం కాగితానికీ, మళ్లీ మళ్లీ, దాన్ని పుట్టించేవాడు అచ్చువేసే మనిషి. అతని నైపుణ్యాన్ని మెచ్చుకునేవాళ్లంతా చేతివాటం గురించే మాట్లాడతారు. నా ఉద్దేశంలో ఆ ఆకాశం సగానికి సగం అంతకుముందే తయారై ఉంటుంది: కుంచెను ఎలా దాచాడు, కాగితంలో చెమ్మ ఎలా నిలిపాడు, రంగును ఏ రూపంలో భద్రపరిచాడు అన్నదాంట్లో.

ముందు పని తీరు చూద్దాం. జపాన్ పద్ధతిలో నూనె సిరా వాడరు. నీళ్లలో నూరిన రంగు, దానికి తోడుగా బియ్యప్పిండితో కాచిన కాస్త జిగురు. ఈ రెండింటినీ అడవి చెర్రీ దిమ్మె మీద వేసి గుర్రపు వెంట్రుకల కుంచెతో పరుస్తారు. దానిపై చెమ్మకాగితం పెట్టి, బారెన్ అనే గుండ్రటి బిళ్లతో వెనకనుంచి రుద్దుతారు. ఇది మామూలు అచ్చు. బొకాషికైతే దిమ్మెను ముందుగా తడిగుడ్డతో తుడుస్తారు. కుంచెకు ఒక కొసనే రంగు అంటిస్తారు, రెండో కొస వట్టి తడితో ఉంటుంది. ఆ కుంచెను అడ్డంగా అటూ ఇటూ ఆడించినప్పుడు రంగు తడిలోకి పాకుతుంది. ఎంత తడికి ఎంత దూరం పాకుతుందో కొలిచే సాధనం ఏదీ లేదు. చెక్క మీద మెరుపును చూసి తెలుసుకోవాల్సిందే. పైఅంచున తిన్నటి పట్టీగా దిగేదాన్ని ఇచిమోంజి బొకాషి అంటారు. తడి మచ్చ మీద రంగుచుక్క వేసి, మబ్బులా దాని ఇష్టానికి విచ్చుకోనిచ్చేది అతెనాషి బొకాషి. దీంట్లో ఏ రెండు కాగితాలూ ఒక్కలా రావు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

కుంచె దగ్గర కాస్త ఆగాలి. కొత్త కుంచెతో బొకాషి రాదు. దాని వెంట్రుకల కొసలు మొద్దుగా ఉంటాయి, చెక్క మీద గీతలు పడతాయి. అందుకని కొసలను కాలిన ఇనుప పలక మీద చురకబెట్టి, తర్వాత చెక్కకు బిగించిన సొరచేప తోలు మీద తడిపి తడిపి రుద్దుతారు. ఆ తోలు గరుకుకు ఒక్కో వెంట్రుక కొస చీలి, దూదిలా మెత్తనవుతుంది. వాడుతున్న కొద్దీ మెత్తదనం తగ్గుతుంది కనుక తోలు ఎప్పుడూ చేతికందే దూరంలోనే ఉండాలి. నలుపు కుంచె నలుపుకే, నీలం కుంచె నీలానికే. ఎంత కడిగినా వెంట్రుకల మొదట్లో పాతరంగు ఇంకా దాగి ఉంటుంది. చిక్కటి రంగులో అది కనబడదు. జారుడు పలచబడే చోట, ఎక్కడైతే రంగు దాదాపు లేనట్టే ఉండాలో, సరిగ్గా అక్కడే బయటపడుతుంది. కడిగిన కుంచెను నీళ్లు విదిల్చి, వెంట్రుకలు కిందికి ఉండేలా వేలాడదీస్తారు. నిలబెడితే నీరు పిడిలోకి దిగి కట్టు కుళ్లిపోతుంది.

కాగితానిది ఇంకో కథ. ఎచిజెన్ ప్రాంతంలో కోజో పొద నారతో చేసే హోషో కాగితం ఈ పనికి పేరుమోసినది. దాన్ని చేసే తొమ్మిదో ఇవానో ఇచిబేయిని జపాన్ ప్రభుత్వం 2000లో సజీవ జాతీయ నిధిగా గుర్తించింది. జంతువుల చర్మం నుంచి తీసిన బంకలో పటిక కలిపి కాగితానికి పూత పూస్తారు, లేకపోతే రంగు ఇష్టమొచ్చినట్టు పీల్చుకుంటుంది. తర్వాత కాగితాలను తడిపి, దొంతి పేర్చి, చెమ్మ అన్నింటికీ సమానంగా పాకేదాకా కప్పి ఉంచుతారు. అచ్చులన్నీ పూర్తయ్యేదాకా ఆ చెమ్మ తగ్గకూడదు. కాగితం ఆరితే కుంచించుకుపోతుంది, రెండో రంగు తన చోటు తప్పుతుంది. ఆరిన చోట జారుడు కూడా గీతగా ఆగిపోతుంది. అలాగని రోజుల తరబడి చెమ్మలో ఉంచితే బూజు పడుతుంది. ఇప్పటివాళ్లలో చాలామంది తడి కాగితాలను ప్లాస్టిక్‌లో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టుకుంటున్నారు. పాతకాలంలో ఆ సాయం లేదు. వాన, ఎండ, ఉక్క చూసుకుని కప్పిన గుడ్డ తడిని మార్చుకోవడమే.

ఇక రంగులు దాచిన తీరు చదివినప్పుడల్లా నాకు ఆశ్చర్యం తగ్గదు. తొలినాటి రంగుల ముద్రణల్లో, అంటే 1765 తర్వాత చిత్రకారుడు హరునోబు కాలంలో, నీలం చాలాసార్లు ఒక పువ్వు నుంచి వచ్చేది. మన చేలల్లో కలుపుగా మొలిచే వెన్నదేవి కూరకు దగ్గరి చుట్టం ఆ మొక్క. పూల రసాన్ని సీసాల్లో దాచలేరు, చెడిపోతుంది. అందుకని కాగితానికే పట్టించేవారు. రసం పూసి ఆరబెట్టడం, మళ్లీ పూయడం, అలా కాగితం నల్లగా కనిపించేంత నీలం పీల్చుకునేదాకా. కావలసినప్పుడు ఒక ముక్క చింపి నీళ్లలో వేస్తే రంగు దిగేది. బియ్యపు జాడీ పక్కన మడిచి పెట్టుకోగల నీలం అది! షిగా ప్రాంతంలోని కుసాత్సు ఈ కాగితాలకు ప్రసిద్ధి. అయితే ఈ నీలం వెలుతురుకూ తేమకూ ఓర్వదు. ఆనాటి ఆకాశాలు చాలావరకు ఇప్పుడు పాలిపోయిన గోధుమ రంగులో మిగిలాయి.

ఎరుపు కుసుమ పూలది. మన వికారాబాద్, సంగారెడ్డి నల్లరేగళ్లలో యాసంగికి నూనెగింజ కోసం వేసే పంటే అది. ఆ రేకుల్లో పసుపు ఎక్కువ, ఎరుపు బహు స్వల్పం. పసుపును నీళ్లతో కడిగేసి, గడ్డి బూడిద నీళ్లతో ఎరుపును బయటికి లాగి, పులుపు కలిపి దాన్ని అడుగున పేరుకోనిస్తారు. యమగతా ప్రాంతపు రైతులు రేకులను పులియబెట్టి బిళ్లలుగా ఒత్తి, మొగామి నది మీదుగా క్యోటోకు పంపేవారు. తీసిన ఎరుపును పింగాణీ గిన్నె లోపల పూసి ఆరనిస్తే పైకి పచ్చటి లోహపు మెరుపు తేలుతుంది. తడి వేలు తాకిస్తే ఎర్రబడుతుంది. వాడనప్పుడు గిన్నెను బోర్లించి వెలుతురు తగలకుండా ఉంచాలి.

బెర్లిన్‌లో 18వ శతాబ్దపు తొలి ఏళ్లలో తయారైన ప్రష్యన్ నీలం 1830 నాటికి ఎడో అచ్చుపనివాళ్ల చేతికి చవగ్గా అందింది. సన్నటి పొడి, వెలుతురుకు చెక్కుచెదరదు, చిటికెడుతో నీలం చిక్కబడుతుంది, ఎంత పలచబరిచినా నీలంగానే ఉంటుంది. బొకాషికి ఇంతకంటే ఏం కావాలి? హొకుసాయి ఫూజీ పర్వత చిత్రాలు, హిరోషిగే తొకాయిదో దారి చిత్రాలు ఆ వెంటనే వచ్చాయి. ఆకాశాలు అంతగా లోతెక్కడానికి చిత్రకారుల ఊహ ఎంత కారణమో, నిల్వకు ఆగే ఈ పొడీ అంతే కారణం.

అవే దిమ్మెలతో రంగు మార్చి ఎంత సాధించవచ్చో చూపిన చిత్రకారుడు యొషిదా హిరోషి. 1926లో ఆయన తెరచాప పడవల బొమ్మను ఉదయం, మధ్యాహ్నం, మంచు, సాయంత్రం, రాత్రి అంటూ వేర్వేరు వేళల్లో అచ్చువేయించాడు. పడవలు కదల్లేదు. నీటి మీద జారిన రంగు మాత్రమే మారింది, దాంతో పొద్దే మారిపోయింది. తర్వాత ఆయన మన దేశానికీ వచ్చాడు. తాజ్‌మహల్, కాశీ, ఎల్లోరా, మధుర మీనాక్షి ఆలయం ఆయన బొమ్మల్లోకి ఎక్కాయి. పని దగ్గరుండి చేయించిన ప్రతుల అంచున జిజురి అనే ముద్ర ఉంటుంది. 1939లో ఈ విద్య మొత్తాన్ని ఇంగ్లిష్‌లో పుస్తకంగా రాశాడు కూడా.

ఇవాళ గ్రీటింగ్ కార్డులు చేసేవాళ్లు ఇంక్ ప్యాడ్లతో, మెత్తటి బ్రష్‌లతో చేసే పని ఈ జారుడునే. దిమ్మె లేదు, బారెన్ లేదు, రంగును నేరుగా కాగితం మీద రుద్దుతారు. అయినా ఇబ్బందులు పాతవే. దుకాణాల్లో రంగుకొక బ్రష్ అంటూ పెద్ద సెట్లు అమ్ముతారు. అన్ని అవసరం లేదు. పసుపు, నారింజలకు ఒకటి, ఎరుపు, గులాబీలకు ఒకటి, నీలాలకు ఒకటి, ఆకుపచ్చలకు ఒకటి, నలుపుకు విడిగా ఒకటి చాలు. పసుపు బ్రష్‌ను మాత్రం నీలానికి ఒక్కసారి కూడా అరువివ్వకండి. ప్యాడ్లను కొన్న వరసలో కాక కలిసే వరసలో పేర్చుకోవాలి. పసుపు పక్కన నారింజ, దాని పక్కన ఎరుపు. పసుపు, ఊదా పక్కపక్కన ఉంటే చేయి రెంటినీ కలిపి తీస్తుంది, కాగితం మీద బురద రంగు తేలుతుంది. మూత రంగును నమ్మలేం కాబట్టి, మీరు వాడే కాగితం మీదే ప్రతి సిరానూ రుద్ది, ఆ ముక్కను డబ్బాకు అంటించుకోవాలి. ప్యాడ్లను నిలువుగా పెడితే సిరా ఒక పక్కకు దిగుతుంది, పడుకోబెట్టి ఉంచడమే మేలు. పైపొర ఆరకుండా బోర్లించి పెట్టేవాళ్లూ ఉన్నారు. కిటికీ పక్కన మాత్రం వద్దు. బ్రష్‌లను కడిగాక పూర్తిగా ఆరనిచ్చి, గాలాడే బుట్టలో పెట్టండి. మన కోస్తా ఉక్కలో తడి బ్రష్‌ను మూత ఉన్న డబ్బాలో దాచితే వారం తిరక్కుండానే బూజు వాసన వస్తుంది.