జంతువుల ఫిర్యాదు: ఇఖ్వానుస్సఫా తీర్పుపై ఒక పరిశీలన

హిజ్రీ నాలుగవ శతాబ్దంలో బస్రా నగరం కేంద్రంగా ‘ఇఖ్వానుస్సఫా’ అనే విద్వద్బృందం తమ పేర్లు మరుగున ఉంచి యాభైకి పైగా రిసాలాలు రచించింది. వాటిలో ఇరవైరెండవది జంతువులకూ మానవులకూ మధ్య నడిచిన వ్యాజ్యం. 1810లో కలకత్తా ఫోర్ట్ విలియం కళాశాల కోసం మౌల్వీ ఇక్రామ్ అలీ దీన్ని ఉర్దూలోకి తెచ్చారు. కథగా దీన్ని మెచ్చుకున్నవారు అనేకులు. దీని తీర్పు న్యాయసమ్మతమేనా అన్నదే ఇక్కడ మనం విచారించవలసిన విషయం.

కథ క్లుప్తంగా ఇది. ఓడ దారి తప్పి ఒక ద్వీపం చేరిన మనుషులు, అక్కడ స్వేచ్ఛగా తిరిగే పశువులను పట్టి పనికి పెట్టారు. పశువులు జిన్నుల రాజుకు మొరపెట్టుకున్నాయి. మానవుల ప్రతినిధి దివ్యఖుర్‌ఆన్ ఆయతులు చూపి, పశువులు తమకు బానిసలన్నాడు. అందుకు కంచరగాడిద ఇచ్చిన సమాధానం అమోఘం: ఆ ఆయతులు అల్లాహ్ అనుగ్రహాన్ని తెలుపుతున్నాయే తప్ప మానవుని యాజమాన్యాన్ని కాదు; సూర్యచంద్రులను కూడా ఆయన మానవుని సేవకే నియమించాడు, అంతమాత్రాన వాటికి మనిషి ప్రభువైపోయాడా?

మేము మేత వేస్తున్నాము, జబ్బు చేస్తే వైద్యం చేయిస్తున్నాము అని మానవులు మళ్ళీ వాదించారు. అది దయ కాదు, మేము చస్తే పెట్టిన సొమ్ము పోతుందన్న భయం అని పశువులు బదులిచ్చాయి. గ్రంథం మొత్తంలో అత్యంత పదునైన వాదం ఇదే. లాభం ఉన్నంతవరకే సాగే పోషణను ‘హక్కు’ అనగలమా?

ఈ ప్రశ్నను మన పొన్నూరు పరిసరాలకు అన్వయించి చూడండి. ఒకప్పుడు ఇక్కడి నల్లరేగడిని దున్నింది, వరి కుప్పల మీద తిరిగింది, పత్తి, మిర్చి బండ్లను లాగింది ఒంగోలు జాతి ఎడ్లే. నిడుబ్రోలులో 1930లలో ఆచార్య రంగా రైతు విద్యాలయం నెలకొల్పి, రైతు తన పక్షాన తాను వాదించుకోవడం నేర్పారు. ఎద్దు పక్షాన వాదించినవారు లేరు. ట్రాక్టరు రాగానే కాడి దిగింది. కాడితోపాటే కొట్టంలో దాని చోటూ పోయింది. నేడు మేలిరకం ఎద్దు ఎక్కువగా కనిపించేది బండలాగుడు పందేలలోనే.

జాతి అంతరించలేదు కదా అని కొందరంటారు. నిజమే. గుంటూరు దగ్గర లాం పరిశోధనా కేంద్రంలో దాన్ని సంరక్షిస్తున్నారు. బ్రెజిల్‌లో అదే జాతి ‘నెలోర్’ పేరుతో మాంసపు మందలలో అధికభాగం ఆక్రమించింది. 2023లో అక్కడి ఒక నెలోర్ ఆవుకు నలభై లక్షల డాలర్లకు పైగా విలువ కట్టారు. కాని జాతికి పలికిన ధర వేరు, ఒక్కొక్క ప్రాణికి ఉన్న హక్కు వేరు. యజమాని పస్తులుంచి అలుపెక్కే దాకా పని చేయిస్తున్నాడని ఒక ఒంటె దైవప్రవక్త (స) ఎదుట కన్నీరు పెట్టుకున్న వృత్తాంతం అబూదావూద్ సంకలనంలో ఉంది. ఆయన ఆ యజమానిని పిలిపించి మందలించారు. ఆయన విన్నది జాతి గోడు కాదు, ఆ ఒక్క ఒంటె గోడు.

ఇక తీర్పు. ఇంత వాదన నడిచాక, మానవునికి పరలోక జీవితమూ శాశ్వత స్వర్గమూ ఉన్నాయి గనుక అతనిదే పైచేయి అని కథ ముగుస్తుంది. ఇక్కడే మనం రచయితలతో విభేదించాలి. జంతువులు కూడా మనవంటి ‘ఉమ్మతు’లే అనీ, అవీ తమ ప్రభువు సన్నిధిన సమావేశపరచబడతాయనీ అన్‌ఆమ్ సూరా (6:38) తెలుపుతున్నది. కొమ్ములు లేని గొర్రెకు కొమ్ముల గొర్రె నుండి సయితం ప్రతీకారం ఇప్పించబడుతుందని సహీహ్ ముస్లింలోని హదీసు. శాశ్వత స్వర్గం మానవునికే ప్రత్యేకమనుకున్నా, లెక్క అడిగే దినం మాత్రం అతనికి ఆధిక్యం కాదు, జవాబుదారీ. ఫిర్యాదు హింస గురించి. తీర్పు హోదా గురించి. అడిగిన దానికి జవాబు రాలేదు.

ఆ జవాబు కథలో కాక ఫిఖ్హ్‌లో దొరుకుతుంది. ఇమామ్ ఇజ్జుద్దీన్ ఇబ్ను అబ్దుస్సలామ్ (మరణం హి.శ. 660) తన ‘ఖవాయిదుల్ అహ్‌కామ్’లో మానవునిపై పశువుకు గల హక్కులను వరుసగా పేర్కొన్నారు. వాటిలో మొదటిది పోషణ. అది కుంటిదైనా, వ్యాధిగ్రస్తమై ఎందుకూ ఉపయోగపడకపోయినా సరే. శక్తికి మించిన బరువు మోపరాదు. జబహ్ చేస్తే ఉత్తమరీతిలో చేయాలి. పిల్లలను తల్లి కళ్ళ ముందు కోయరాదు. అలంకారాలేమీ లేని ఈ జాబితా జిన్నుల రాజు దర్బారు కంటే మిన్న.

మన చట్టం మరొక కొలబద్ద పట్టుకున్నది. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ఆవులను, దూడలను కోయడాన్ని నిషేధించి, ఎద్దు సేద్యానికీ సంతానోత్పత్తికీ ఇక లాభదాయకం కాదని అధికారి ధ్రువీకరిస్తే వధకు అనుమతిస్తుంది. అంటే ప్రశ్న మళ్ళీ లాభానిదే. ఇస్లాం జబహ్‌ను నిషేధించలేదు. పోషించలేనివాడు అమ్మాలి, లేదా తినదగిన పశువైతే జబహ్ చేయాలి, అంతేగాని పస్తు పెట్టి చంపరాదని షాఫయీ ఫుఖహా అన్నారు. అయితే ఎద్దు చివరి గడియకు బాధ్యత కత్తి పట్టినవాని ఒక్కనిదే అనడం న్యాయం కాదు. పదేళ్ళు దున్నించుకుని సంతకు తోలినవానికీ, పందెంలో ముల్లుగర్రతో పొడిచినవానికీ, లారీలో కుక్కి నీళ్ళయినా ఇవ్వక తరలించినవానికీ, మొద్దుకత్తి వాడినవానికీ అందులో వాటా ఉంది. ఈ నలుగురిలో ముస్లిం ఉంటే ధర్మం పేరు చెప్పి అతడు తప్పించుకోలేడు. ధర్మం అతని పైనే ఎక్కువ బరువు పెట్టింది.

ఇఖ్వానుస్సఫా గొప్ప ప్రశ్న వేసి, మానవుని మెప్పించే జవాబు ఇచ్చారు. గ్రంథం చదవదగినదే. కాని చివరి పుట వద్ద ఆగక, కంచరగాడిద మాటల దగ్గరికి తిరిగి వెళ్ళి చదవాలి.